నెమళ్లు లేని జిల్లా

మా వీరవెల్లి జిల్లాలో నెమళ్లు లేవని జిల్లా నియామక మండలి ప్రకటించిన రోజు పొద్దున, నెమలికుంట గ్రామంలో జక్కుల ఓదెలు పల్లి చేనులో నెమళ్ల గుంపు ఒకటి తాపీగా కాయ తవ్వుకు తింటోంది. ఓదెలు రేకు డబ్బా మోగిస్తూ వాటి వెంట పడుతున్నాడు. అవి చేను ఈ మూల నుంచి ఆ మూలకు నడిచి వెళ్లి, ఆయన అక్కడికి చేరేసరికి మళ్లీ ఈ మూలకు వచ్చి, మధ్యలో ఆపిన పని కొనసాగిస్తున్నాయి. ప్రకటన సంగతి పాపం వాటికి తెలియదు.

ఓదెలు కూతురు నవనీతకు మాత్రం తెలిసింది. ఆమె ఆ సమయంలో వీరవెల్లి పట్నంలో కోచింగ్ సెంటరు మెట్ల మీద నిలబడి ఫోనులో 'కీ' చూసుకుంటోంది. జూనియర్ అసిస్టెంటు ఉద్యోగాలకు జరిగిన జనరల్ నాలెడ్జి పరీక్షకు మండలి విడుదల చేసిన జవాబుల పట్టిక అది. అందులో ఒక ప్రశ్న ఇలా ఉంది: ఈ కింది వాటిలో వీరవెల్లి జిల్లాలో కనిపించని పక్షి ఏది? కొంగ, నెమలి, పాలపిట్ట, నిప్పుకోడి.

నవనీత నిప్పుకోడి అని పెట్టింది. కీలో నెమలి అని ఉంది.

ఆమె ఒక ప్రైవేటు బడిలో చిన్న పిల్లలకు పాఠాలు చెప్తూ, మిగిలిన సమయమంతా ఈ పరీక్షలకే చదువుతోంది. మంగోలియా రాజధాని, నార్వే నాణెం, ఏ చెరుకు పరిశోధన కేంద్రం ఎక్కడుందో, ఏ వంటకానికి ఏ సంవత్సరంలో భౌగోళిక గుర్తింపు వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరి పరీక్ష. తన చుట్టుపక్కల ఉన్న లోకం గురించి అడిగిన ఒకే ఒక ప్రశ్న ఇది. చూడగానే సంతోషంతో జవాబు పెట్టిన ప్రశ్న కూడా ఇదే.

"నిప్పుకోడి ఎందుకు పెట్టినవమ్మా?" అన్నాడు కోచింగ్ సెంటరు నడిపే పురుషోత్తం మాస్టారు, బాధగా.

"మన జిల్లాల లేదు గద సార్."

"మరి నెమలి?"

"మా చేన్లనే ఉంటయి సార్. మా నాయిన రోజూ ఎల్లగొడ్తడు."

"అదే నువ్వు చేసిన తప్పు. పరీక్షకు పోయేటప్పుడు చేను ఇంటికాడ పెట్టి పోవాలె. నా బ్యాచ్‌ల సగం మంది నెమలి పెట్టిన్రు. ఎందుకు? నా గైడ్‌ల అట్లనే ఉన్నది."

"గైడ్‌ల అట్ల ఎట్లున్నది సార్?"

మాస్టారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అచ్చుతప్పు. ప్రెస్సువాడు నిప్పుకోడి కింద పెట్టాల్సిన గీత నెమలి కింద పెట్టిండు. పేపరు సెట్ చేసినాయన నా గైడ్ చూసి దించిండు. ఇప్పుడది అచ్చుతప్పు గాదు, కీ అయ్యింది."

మర్నాడు నవనీత ఒక నెమలి ఈక, ఫోనులో తండ్రి నెమళ్ల వెంట పరుగెత్తుతున్న వీడియో పట్టుకుని నియామక మండలికి వెళ్లింది. మండలి కార్యదర్శి శేషావతారం గారు అభ్యంతరాలు వినడానికి ఒక గంట కేటాయించి, అందులో ముప్పావు గంట అభ్యంతరాలు ఎలా చెప్పాలో వివరించారు. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతారో మాకు తెలియదు. ఆఫీసులో మాత్రం ఆయన నోట ప్రతి మాటా ముద్రతో సహా వెలువడేది.

ఈకను రెండు వేళ్లతో పట్టుకుని ఆయన అన్నారు: "అభ్యంతరములు ప్రామాణిక గ్రంథముల ఆధారముగా మాత్రమే స్వీకరించబడును. ఇది ఏ గ్రంథము?"

"ఇది ఈక సార్."

"ఈకకు ప్రచురణకర్త ఎవరు?"

నవనీత వీడియో చూపించింది. ఆయన మొత్తం చూశారు. ఓదెలు గట్టు మీద జారి పడిన చోట కొంచెం నవ్వారు కూడా.

"ఈ దృశ్యమునందు సంచరించుచున్న పక్షి నెమలియే అని ధ్రువీకరించిన గెజిటెడ్ అధికారి సంతకము ఏది?"

"సార్, అది నెమలి సార్. చూస్తెనే తెలుస్తది."

"చూచినంతనే తెలియునది చూపు అనబడును. మేము పరీక్షించునది జ్ఞానము."

అభ్యంతరాన్ని నిపుణుల సంఘానికి పంపారు. సంఘంలో ముగ్గురు నిపుణులు. వాళ్లు ఏసీ గదిలో కూర్చుని ప్రామాణిక గ్రంథం తెప్పించుకున్నారు. వీరవెల్లి జిల్లా గురించి అచ్చులో ఉన్న పుస్తకం ఒక్కటే దొరికింది, పురుషోత్తం మాస్టారి గైడు. అందులో నెమలి అనే ఉంది. అయినా బాధ్యత గల మనుషులు కాబట్టి నిపుణుల్లో ఒకాయన లేచి కిటికీ తెర తొలగించి బయటికి చూశాడు. కార్ల పార్కింగులో ఎక్కడా నెమలి కనబడలేదు. సంఘం ఏకగ్రీవంగా సంతకాలు చేసింది. కీ కాస్తా తుది కీ అయింది. నవనీతకు ఒక్క మార్కు తేడాతో ఉద్యోగం పోయింది.

ఆమె కోర్టుకు వెళ్లింది. ఊళ్లో చాలామంది వద్దన్నారు. ఓదెలు మాత్రం బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించాడు.

కోర్టువారు రెండు పక్షాలూ విన్నారు. మండలి తరఫు వకీలు తుది కీ పవిత్రత గురించి చాలాసేపు మాట్లాడాడు. చివరికి కోర్టువారు విసుగెత్తి, "తుది కీకీ క్షేత్రస్థాయి వాస్తవానికీ మధ్య ఉన్న తేడాను మండలి మూడు నెలల్లో తొలగించాలి. తర్వాత కోర్టు కమిషనర్ స్వయంగా వచ్చి పరిశీలిస్తారు" అని ఉత్తర్వు ఇచ్చారు.

ఇదంతా అయిపోయిందనుకుని నవనీత ఊరికి ఫోను చేసి తండ్రితో గెలిచామని చెప్పింది.

మండలిలో ఆ ఉత్తర్వు మీద పెద్ద సమావేశం జరిగింది. సూపరింటెండెంటు మాణిక్యరావు ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ కాగితానికీ ఎదురు చెప్పని మనిషి. ఆయన మెల్లగా, "సార్, కీలో ఒక్క అక్షరం మార్చుకుంటే సరిపోతుందేమో" అన్నాడు.

శేషావతారం గారు నిబంధనల పుస్తకం తెరిచారు. "తుది కీ ఎట్టి పరిస్థితులలోను మార్చబడదు. ఇది నిబంధన. మరి వాస్తవము మార్చరాదు అని ఎక్కడైనా ఉన్నదా?"

మాణిక్యరావు పుస్తకం తిరగేశాడు. ఎక్కడా లేదు.

"కావున తొలగించవలసిన తేడా ఎటు వైపు ఉన్నదో స్పష్టము" అన్నారు కార్యదర్శి. ఆ సాయంత్రమే అటవీశాఖకు ఉత్తరం వెళ్లింది.

అటవీ రేంజి అధికారి నరహరి ఉత్తరం చదివి పరుగెత్తుకొచ్చాడు. "సార్, నెమలి రక్షిత పక్షి. చట్టం ప్రకారం పట్టుకోవద్దు, కొట్టవద్దు, బెదిరించవద్దు. ముట్టుకున్నా నన్నే లోపలేస్తారు సార్."

"విజ్ఞప్తి చేయవచ్చును గదా?" అన్నారు శేషావతారం గారు.

చట్టంలో విజ్ఞప్తి చేయవద్దని లేదు. అందువల్ల ఆ వారమంతా మా జిల్లాలో ఊరూరా ఒక ఆటో తిరిగింది. దాని నెత్తిన మైకు. "జిల్లాలోని యావన్మంది నెమళ్లకు విజ్ఞప్తి. మండలి తుది కీని గౌరవించి, మీరు స్వచ్ఛందంగా జిల్లా సరిహద్దు దాటి సహకరించగలరు. కోడిపిల్లలకు, పావురాలకు ఈ ఉత్తర్వు వర్తించదు." మైకు చప్పుడు వినగానే నెమళ్లు ఎక్కడున్నవి అక్కడ మెడలెత్తి గట్టిగా అరిచాయి. విజ్ఞప్తికి నెమళ్లు సానుకూలంగా స్పందిస్తున్నాయని నరహరి నివేదిక రాశాడు.

ఒక నెల గడిచేసరికి వీరవెల్లి 'నెమలి రహిత జిల్లా'గా ప్రకటించబడింది. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. దాని మీద కార్యదర్శి గారి ఫోటో పక్కన వాడాల్సిన పక్షి బొమ్మ కోసం చాలా చర్చ జరిగి, చివరికి ఖాళీ వదిలేశారు. కల్యాణ మండపం గోడ మీద ఉన్న నెమలి బొమ్మ తోకకు తెల్లసున్నం కొట్టించారు. మిగిలిన భాగం కోడిలా ఉందని అధికారులు తృప్తిపడ్డారు. బడుల్లో జాతీయ పక్షి పాఠం చెప్పేటప్పుడు 'ఇతర జిల్లాలలో నివసించును' అనే మాట చేర్చాలని టీచర్లకు సర్క్యులర్ వచ్చింది. నవనీత తన క్లాసులో ఆ మాట చదువుతుండగా కిటికీ బయట నెమలి కూసింది. పిల్లలు ఆమె వైపు చూశారు. ఆమె పాఠం ఆపేసి ఎక్కాలు చెప్పించింది.

తర్వాత నెమలికుంట ఊరి పేరు మీద పడ్డారు. లేని పక్షి పేరుతో ఊరుండటం అభ్యర్థులను తప్పుదారి పట్టిస్తుందని మండలి అభిప్రాయపడింది. బోర్డు మీద ముందు సగం చెరిపేసి 'కుంట' అని మాత్రం ఉంచారు. కండక్టర్లు "కుంట, కుంట" అని అరుస్తుంటే, ఏ కుంటో తెలియక జనం ఎక్కడంటే అక్కడ దిగిపోయారు.

ఇంత జరిగినా ఓదెలు పెద్దగా పట్టించుకోలేదు. అడవి ప్రాణులు పంట తింటే ఇచ్చే పరిహారం కోసం ఎప్పటిలాగే అటవీశాఖకు వెళ్లాడు. నరహరి ఈసారి ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

"ఓదెలూ, పరిహారం రాదు. జిల్లాలో నెమళ్లు లేవు."

"మరి నా పల్లికాయ ఎవడు తిన్నడు సారు?"

"గుర్తు తెలియని పక్షులు."

"గుర్తు నేను చెప్త గద సారు. తల మీద కిరీటం లెక్క కుచ్చు, నీలం మెడ, ఇంత పొడుగు తోక..."

"నువ్వు పేరు చెప్పకపోతే సరిపోతుంది" అన్నాడు నరహరి, చేతులు పట్టుకున్నంత పని చేస్తూ. "పేరు చెప్తే నేను రాసుకోవాలి. రాసుకుంటే నా ఉద్యోగం పోతది."

ఓదెలు మెత్తని మనిషి. ఒకరి ఉద్యోగం తన నోటి మాటతో పోవడం ఇష్టంలేక లేచి వచ్చేశాడు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. మండలి న్యాయ సలహాదారు ఫైలు మళ్లీ చదివి మరో సంగతి కనిపెట్టాడు. జిల్లాలో కనిపించనిది నెమలి ఒక్కటే అయితే, మిగతా మూడూ కనిపించి తీరాలి. కొంగలున్నాయి. పాలపిట్టలున్నాయి. నిప్పుకోడి ఎక్కడ?

శేషావతారం గారు కళ్లు మూసుకుని ఆలోచించి, "టెండరు పిలువుడు" అన్నారు.

టెండరు పిలిచారు. నిబంధన ప్రకారం తక్కువ ధర చెప్పినవాడికి ఖాయం చేశారు. ఆయన ఒకప్పుడు ఈము పక్షుల ఫారం పెట్టి దివాలా తీసిన మనిషి. ఒక శుక్రవారం ఉదయం ఆయన ట్రాలీ మీద ఒక పొడుగు మెడ పక్షిని తీసుకొచ్చి దించి, రసీదు మీద సంతకం పెట్టించుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. పశువుల డాక్టరు వచ్చి దాని చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది నిప్పుకోడి కాదండి. ఈము. నిప్పుకోడికి కాలికి రెండే వేళ్లుంటాయి. దీనికి మూడు."

"ఒక వేలు అదనముగా ఉన్నంత మాత్రమున అనర్హత ఏల?" అన్నారు శేషావతారం గారు. "కనీస అర్హత రెండు వేళ్లు. దీనికి అంతకు మించియే ఉన్నవి."

డాక్టరు ఇంకేదో అనబోయి, తన బదిలీ ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో గుర్తొచ్చి, ఆరోగ్యంగా ఉందని రాసిచ్చి వెళ్లిపోయాడు. నిప్పుకోడి సహజంగా సంచరిస్తున్నట్టు కనబడాలి గనక దాన్ని పట్నంలో పెట్టలేదు. నెమలికుంట, అంటే కుంట గ్రామం బడి పక్క ఖాళీ స్థలంలో కంచె కట్టి, 'నిప్పుకోడి (స్థానిక పక్షి)' అని బోర్డు పెట్టి వదిలారు. రోజూ దాని కోసం మక్కజొన్న చల్లేవారు.

కోర్టు కమిషనర్ వచ్చే ముందు రోజు మాణిక్యరావు ఓదెలు ఇంటికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, ఇచ్చిన మంచినీళ్లు మొత్తం తాగి, చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. తర్వాత సంచిలోంచి కాగితం తీశాడు.

"నవనీతమ్మా, కార్యదర్శి గారు నీ విషయం సానుభూతితో పరిశీలించారు. కారుణ్య మార్కు అని ఒకటి ఇవ్వవచ్చట. దాంతో ఉద్యోగం వచ్చేస్తుంది. మా ఊళ్లో నెమళ్లు లేవు అని ఇక్కడొక సంతకం పెడితే చాలు. రేపు కమిషనర్ గారు అడిగితే ఆ మాటే చెప్పాలి."

కాగితం పీట మీద పెట్టి ఆయన వెళ్లిపోయాడు. నవనీత దాని ముందు కూర్చుంది. ఓదెలు గడప మీద కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు.

"సంతకం పెడ్తె నౌకరు వస్తదా బిడ్డా?"

"వస్తదంటున్నరు నాయినా."

"అండ్ల ఏం రాసిన్రు?"

"మన ఊర్ల నెమళ్లు లేవని."

ఓదెలు చేను వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. "గిన్నేండ్ల సంది నేను ఉత్తగనే ఉరికినన్నట్టు." మళ్లీ తనే అన్నాడు: "ఏం గాదు, పెట్టు. నెమళ్లకేం నష్టం లేదు. లేవంటె అవి ఫికరు పడయి. నువ్వు సదివి సదివి కండ్లు పోగొట్టుకుంటివి. నౌకరు ముఖ్యం."

"నువ్వు గట్టు మీద పడి కాలు ఇరగ్గొట్టుకున్నవ్ గదా నాయినా. నాయినమ్మ పసుపు కట్టింది. అది కూడ లేనట్టేనా?"

"కాలు అతికింది గద బిడ్డా."

నవనీత కలం తీసింది, మూత పెట్టింది, మళ్లీ తీసింది. తండ్రి ఆశగా చూస్తున్నాడని ఆమెకు తెలుసు. ఆ ఆశ తనకూ ఉంది. వచ్చే ఏడాది నుంచి మంగోలియా రాజధాని తెలిసినా తెలియకపోయినా ఒకటే. అయినా కాగితం మడిచి పీట కింద పెట్టి, "రేపు చూద్దాం" అని పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఆ రాత్రి కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఓదెలు మజ్జిగ కలుపుకుని తిన్నాడు.

కోర్టు కమిషనర్‌గా వచ్చింది ఒక పెద్దావిడ. నల్లకోటు వేసుకున్న వకీలు. బడి ఆవరణలో షామియానా వేసి ఆమెకు పెద్ద కుర్చీ వేశారు. ఉదయం నుంచి మబ్బు పట్టి ఉంది. నరహరి మబ్బుల వైపు చూసి చెమట తుడుచుకుంటున్నాడు.

శేషావతారం గారు స్వాగతం చెప్పి, కంచె వైపు చెయ్యి చూపారు. "ఇది మా జిల్లా స్థానిక నిప్పుకోడి."

కమిషనర్ కళ్లజోడు సవరించుకుని చూసింది. పక్షి కూడా మెడ చాచి ఆమెను చూసింది. తర్వాత ఆమె చేతిలో ఉన్న కాగితం అంచు కొరికింది.

"నెమళ్లు?"

"ఒక్కటియు లేదు. స్వచ్ఛందముగా వెడలిపోయినవి."

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే బడి వెనక కంపచెట్ల లోంచి నెమళ్లు బయటికి వచ్చాయి. ఇన్నాళ్లుగా రోజూ చల్లుతున్న మక్కజొన్నకు అవి బాగా అలవాటు పడ్డాయి. తిండి వేళ దాటిపోయిందని తొందరలో కూడా ఉన్నాయి. కంచె కింది నుంచి దూరి ఈముతో పాటు మేయడం మొదలుపెట్టాయి.

"అవేమిటి?" అంది కమిషనర్.

నరహరి టోపీ సరిచేసుకున్నాడు. "గుర్తు తెలియని పక్షులు మేడం."

"పొడుగు తోక గల పెరటి కోళ్లు" అన్నారు శేషావతారం గారు, తడుముకోకుండా. "ఇక్కడి గాలి వలన తోక కొంచెము సాగును."

అప్పుడే ఒక ఉరుము ఉరిమింది. చల్లగాలి వీచింది. గుంపులోని పెద్ద మగ నెమలి తినడం ఆపి, నాలుగడుగులు వెనక్కి వేసి, ఒళ్లు జలదరించినట్టు ఒకసారి కదిలి, పింఛం మొత్తం విప్పింది. షామియానాలో ఉన్న వాళ్లందరూ లేచి నిలబడ్డారు. పశువుల డాక్టరు ఫోను తీశాడు. నరహరి ఫోను తీశాడు. డ్రైవర్లు పరుగెత్తుకొచ్చారు. శేషావతారం గారి చేతికి కూడా ఆయనకు తెలియకుండానే ఫోను వచ్చింది. "అబ్బ! ఎంత బాగుంది!" అన్నారు, ఇంట్లో మాట్లాడే గొంతుతో.

"ఏది బాగుంది?" అంది కమిషనర్.

ఆయన తేరుకున్నారు. "వాతావరణము."

కమిషనర్ ఫిర్యాదుదారును పిలిచింది. నవనీత ముందుకు వచ్చింది. జనంలో ఓదెలు, ఆయన పక్కన మాణిక్యరావు. మాణిక్యరావు ఆమెకు కళ్లతో సైగ చేస్తూనే ఉన్నాడు. ఓదెలు మాత్రం నెమలి వైపు చూస్తున్నాడు. అన్నేళ్లుగా వాటి వెంట పరుగెత్తాడు గాని, నిలబడి చూసే తీరిక ఆయనకు ఎప్పుడూ దొరికినట్టు లేదు.

"అమ్మా, అదేమిటో చెప్పగలవా?"

"నెమలి మేడం."

"ఇంకొకటి?"

"ఈము. నిప్పుకోడి కాదు మేడం."

సంతకం లేని కాగితాన్ని నవనీత మాణిక్యరావు చేతికి తిరిగి ఇచ్చేసింది. ఆయన దాన్ని గబగబా సంచిలో పెట్టుకున్నాడు. శేషావతారం గారు మాత్రం లొంగలేదు. గొంతు సవరించుకుని ఆఖరి వాదన వినిపించారు.

"కమిషనర్ గారికి మనవి. ఈ అభ్యర్థినికి ఉన్నది స్థానిక జ్ఞానము. పరీక్ష జరిగినది జనరల్ నాలెడ్జిలో. తన చేనులో ఉన్నది తెలిసినంత మాత్రమున జనరల్ అనిపించుకొనదు. జనరల్ నాలెడ్జి అనగా, అభ్యర్థి ఎన్నడును చూడనిది, ఇక మీదట చూచు అవకాశము లేనిది. ఆమె చూసి వ్రాసినది. అది ఒక విధముగా కాపీ."

కమిషనర్ ఆ మాటలు పొల్లుపోకుండా రాసుకుంది. వాన మొదలైంది. అందరూ బడి వరండాలోకి పరుగెత్తారు. నెమళ్లు పరుగెత్తలేదు.

కోర్టువారు ఆ నివేదిక చదివి రెండు రోజుల్లో తీర్పు చెప్పారు. ప్రశ్న రద్దయింది. నవనీతకు ఉద్యోగం ఇవ్వాలన్నారు. ఊరికి పాత పేరు తిరిగి వచ్చింది. బోర్డు మీద రంగు వేసిన కుర్రాడు మాత్రం 'నెమలి'కి దీర్ఘం తగిలించి వెళ్లాడు. దాన్ని దిద్దడానికి మళ్లీ ఎవరూ రాలేదు. ఈమును ఏం చేయాలో తీర్పులో లేకపోవడం వల్ల అది అక్కడే ఉంది.

నవనీతను ఎక్కడ వేయాలనే చర్చలో మండలి తన పెద్దమనసు చూపింది. కళ్లెదుట ఉంటే మంచిదని తన దగ్గరే, ప్రశ్నపత్రాల విభాగంలో, మాణిక్యరావు పక్క కుర్చీలో వేసుకుంది. మొదటి జీతంతో ఆమె తండ్రికి ఒక మంచి చెప్పుల జత కొంది. గట్ల మీద జారని రకం.

చేరిన కొన్నాళ్లకు తర్వాతి పరీక్ష కీ ఆమె టేబుల్ మీదికి వచ్చింది. అందులో మూసారం వాగు వంతెనకు స్తంభాలు పదకొండు అని ఉంది. ఆమెకు అనుమానం వచ్చింది.

"సార్, ఇది తప్పేమో."

మాణిక్యరావు కళ్లజోడు మీదుగా చూశాడు. "తప్పే అయి ఉంటుందమ్మా. గైడులోంచి దించారు. నువ్వు భయపడకు, ఈసారి కోర్టు దాకా రానివ్వం. పరీక్షకు ముందే ఇంజనీర్లకు ఉత్తరం రాసి స్తంభాలు పదకొండు చేయిస్తాం. కార్యదర్శి గారు ఇప్పుడు చాలా ముందుచూపుతో ఉన్నారు."

నవనీత ఆదివారం బస్సెక్కి మూసారం వెళ్లింది. వాగులో దిగి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నడిచి లెక్కపెట్టింది. పది. బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్లు ఏం పోగొట్టుకున్నావని అడిగారు. సోమవారం ఆఫీసుకు వచ్చి కీలో పది అని దిద్ది, ఎవరికీ చెప్పకుండా ప్రెస్సుకు పంపింది.

పరీక్ష జరిగింది. కీ వచ్చింది. మర్నాడే మండలి గేటు ముందు ధర్నా. ముందు వరసలో పురుషోత్తం మాస్టారు. "పిల్లలందరు పదకొండు పెట్టిన్రు! కీ ఒకసారి ఒక తీరు, ఇంకోసారి ఇంకో తీరు ఉంటె మేం ఏం చెప్పాలె? ఎట్ల చదవాలె?" అని ఆయన మైకులో అడుగుతుంటే అభ్యర్థులు చప్పట్లు కొడుతున్నారు.

శేషావతారం గారు అత్యవసర సమావేశం పిలిచారు. "ఈ సరియైన జవాబునకు బాధ్యులు ఎవరు?" అన్నారు బల్ల మీద చెయ్యి వేసి.

అందరూ బల్ల వైపు చూశారు. నవనీత లేచి నిలబడింది. "నేను సార్."

అక్కడికక్కడే మెమో తయారైంది. సరైన జవాబు ఏ ఆధారంతో రాశారో వెంటనే లిఖితపూర్వక సంజాయిషీ ఇవ్వాలి. ఆమె అక్కడే నిలబడి మెమో కిందే ఒక్క ముక్క రాసి ఇచ్చింది: 'పోయి చూసి వచ్చాను.'

కార్యదర్శి గారు ఆ ముక్కను రెండుసార్లు చదివారు. అటు తిప్పి చూశారు. వెనక ఏమీ లేదు. ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి ఆధారం ఆయనకు ఎదురుకాలేదు. చివరికి మాణిక్యరావు వైపు తిరిగారు.

"ఈమె ప్రయాణ భత్యము క్లెయిము చేసినదా?"

"లేదు సార్."

శేషావతారం గారి ముఖంలోకి వెలుగు వచ్చింది. "అట్లయిన ప్రయాణము జరుగలేదు. ప్రయాణము జరుగనందున చూచుట జరుగలేదు. చూచుట జరుగనందున ఇందు తప్పిదమేమియు లేదు. మెమో ఉపసంహరించుకొనడమైనది."

సమావేశం ముగిసింది. అందరూ టీకి లేచారు. మాణిక్యరావు నవనీత పక్కకు వచ్చి, "బతికిపోయావమ్మా" అన్నాడు మెల్లగా. "ఇకనైనా జాగ్రత్తగా ఉంటావా?"

"ఉంట సార్" అంది నవనీత. "సార్, కొత్త కీల ఉన్న రామన్నపల్లి గుట్టకు ఆదివారాలు బస్సు ఉంటదా?"